జర్మన్ వలస హింస మిగిల్చినదాన్ని చదవడం ఎలా: నమీబియా నుంచి మొదలుపెట్టండి

జర్మనీ కూడా ఒకప్పుడు ఆఫ్రికాలో వలసలను ఏలిందన్న సంగతి మనలో చాలామందికి బడిలో ఎవరూ చెప్పలేదు. మన పాఠ్యపుస్తకాల్లో జర్మనీ అంటే రెండు ప్రపంచ యుద్ధాలు, హిట్లర్, బెర్లిన్ గోడ. వలస పాలన అంటే ఇంగ్లీషువాళ్లు, మహా అయితే యానాంలో ఫ్రెంచివాళ్లు. అందుచేత చదువు కోసం బెర్లిన్ చేరిన తెలుగు విద్యార్థి వెడ్డింగ్ ప్రాంతంలో అద్దెగది వెతుక్కుంటూ విండ్‌హుకర్ స్ట్రాసె, టోగో స్ట్రాసె, ట్రాన్స్‌వాల్ స్ట్రాసె అన్న బోర్డులు చూసి, ఇవేవో ఆఫ్రికా మీద అభిమానంతో పెట్టిన పేర్లు కాబోలు అనుకొని సాగిపోవడం సహజమే. నేనూ మొదట అలాగే సాగిపోయాను. జర్మనీలోని విదేశీ విద్యార్థులలో ఇప్పుడు భారతీయులదే మొదటి స్థానం, వారిలో మనవాళ్లు తక్కువేమీ కాదు. కాబట్టి ఈ చరిత్రను సరిగా తెలుసుకొనే పద్ధతి ఒకటి తెలుగులో ఉండాలనిపించి ఇది రాస్తున్నాను.

జర్మన్ వలసలు చాలానే ఉన్నాయి: నేటి నమీబియా, టాంజానియా, రువాండా, బురుండి, కామెరూన్, టోగో, పసిఫిక్ దీవులు కొన్ని. అన్నిటినీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ మనసుకెక్కదు. నమీబియాతో మొదలుపెట్టండి. అక్కడ జరిగినదానికి జర్మన్ సైన్యం సొంతంగా రాసుకున్న కాగితాలే సాక్ష్యం, దాని మీద రెండు ప్రభుత్వాల మధ్య సంప్రదింపులు మన కాలంలోనే నడిచాయి. ముందుగా ఒక మాట. జర్మనీ పశ్చాత్తాపం ఎంత నిజమైనది అన్న ప్రశ్నతో మొదలుపెడితే కథ మళ్లీ జర్మన్ల చుట్టూనే తిరుగుతుంది. ఆ నేల మీద బతికిన హెరెరో, నామా ప్రజలు పోగొట్టుకున్నది ఏమిటి, అందులో వారి చేతికి తిరిగి వచ్చినది ఎంత అన్న ప్రశ్న పట్టుకోండి. వీధి పేరు ముందైనా, మ్యూజియం అద్దం ముందైనా, ప్రభుత్వ ప్రకటన ముందైనా అదే ప్రశ్న వేయండి.

1904 కంటే వెనక్కి వెళ్లండి

చాలా వ్యాసాలు 1904 జనవరి 12తో మొదలవుతాయి: ఒకహాంజాలో హెరెరోలు తిరగబడ్డారు, 120 మందికి పైగా జర్మన్లు చనిపోయారు, ఆ తరువాత జర్మనీ సైన్యాన్ని పంపింది. అక్కడ మొదలుపెట్టినవారికి మొదటి దెబ్బ హెరెరోలే కొట్టినట్టు కనిపిస్తుంది. కనీసం 1883 దాకా వెనక్కి వెళ్లండి.

ఆ సంవత్సరం బ్రెమెన్ నగరపు పొగాకు వర్తకుడు అడోల్ఫ్ ల్యూడెరిట్జ్ నామా నాయకుడు యోసెఫ్ ఫ్రెడెరిక్స్ దగ్గర, 500 పౌండ్లకు, 60 తుపాకులకు, సముద్ర తీరం వెంబడి 20 మైళ్ల వెడల్పు గల నేలను కొన్నాడు. ఫ్రెడెరిక్స్‌కు తెలిసినది ఇంగ్లీషు మైలు, అంటే సుమారు 1.6 కిలోమీటర్లు. పత్రంలో రాసినది భౌగోళిక మైలు, అంటే సుమారు 7.4 కిలోమీటర్లు. అమ్మినవాడి లెక్కలో 32 కిలోమీటర్ల వెడల్పు గల ఇసుకనేల, కొన్నవాడి లెక్కలో దాదాపు 148 కిలోమీటర్లయింది. పట్టాదారు పుస్తకంలో గుంటలు, సెంట్లు తారుమారైనందుకు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి గనుక ఈ ఒక్క మాటలో ఎంత నేల పోయిందో మనకు విడమరచి చెప్పనక్కర్లేదు. మరుసటి ఏడు జర్మనీ ఆ ప్రాంతాన్ని తన 'రక్షిత ప్రాంతం'గా ప్రకటించింది.

రక్షణ ఒప్పందంపై సంతకం చేయనన్న నామా నాయకుడు హెండ్రిక్ విట్‌బోయి మకాం హోర్న్‌క్రాంజ్ మీద 1893 ఏప్రిల్ 12 తెల్లవారుజామున కుర్ట్ ఫాన్ ఫ్రాంస్వా నడిపిన జర్మన్ దళం విరుచుకుపడింది. దాదాపు 80 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు స్త్రీలు, పిల్లలు. ఇది 1904కు 11 ఏళ్ల ముందు మాట. ఆ తరువాత 1897లో పశువులకు సోకిన రిండర్‌పెస్ట్ తెగులుతో హెరెరోల మందలు తుడిచిపెట్టుకుపోయాయి. పశువే ఆస్తి, పశువే పరువు, పశువే పూర్వీకులతో బంధం అయిన జనం అప్పుల్లో పడ్డారు. వర్తకులు అరువు ఇచ్చి, వడ్డీ కట్టి, బాకీ కింద మిగిలిన మందను, మంద మేసే నేలను పట్టుకుపోయారు. ఇదంతా చదివిన తరువాత 1904 జనవరికి రండి. హెరెరో నాయకుడు సామ్యూల్ మహరెరో తన మనుషులకు మిషనరీలను, ఇంగ్లీషువారిని, బోయర్లను (డచ్చి సంతతి తెల్ల రైతులను) ముట్టుకోవద్దని చెప్పాడన్న సంగతి కూడా అప్పుడే సరైన చోట కూర్చుంటుంది.

ఒక ఆజ్ఞను పదం పదంగా చదవండి

ఈ చరిత్రకు సంబంధించి ఒకే ఒక్క కాగితం చదివే ఓపిక ఉందంటే, 1904 అక్టోబరు 2న జనరల్ లోథార్ ఫాన్ ట్రోతా జారీ చేసిన ఆజ్ఞను చదవండి. మూలం జర్మన్‌లో ఒక పుట కూడా ఉండదు. అందులోని ముఖ్య వాక్యాల సారం ఇది: హెరెరోలు ఇకమీదట జర్మన్ ప్రజలు కారు, ఈ నేల విడిచి పోవాలి, పోకుంటే ఫిరంగితో పంపిస్తాను, జర్మన్ సరిహద్దుల లోపల దొరికిన ప్రతి హెరెరోనూ, తుపాకి ఉన్నా లేకున్నా, పశువులు ఉన్నా లేకున్నా, కాల్చివేస్తారు, స్త్రీలను, పిల్లలను ఇక చేర్చుకోను, వాళ్ల జనం దగ్గరికి తరిమివేస్తాను, లేదా వాళ్ల మీద కాల్పులు జరిపిస్తాను.

ముందు తేదీ చూడండి. నిర్ణయాత్మకమైన వాటర్‌బెర్గ్ పోరు, హెరెరోలు ఒహమకారి అని పిలిచేది, ఆగస్టు 11న జరిగిపోయింది. ఆజ్ఞ వచ్చేనాటికి ఏడు వారాలు గడిచాయి. హెరెరోలు ఓడిపోయి, మిగిలిన మందలతో, ముసలివాళ్లతో, చంటిపిల్లలతో తూర్పున ఉన్న ఒమహెకె ఎడారిలోకి పారిపోయారు. జర్మన్ దళాలు ఎడారి అంచున నీటి చెలమలను కాపలా కాస్తూ వాళ్లను వెనక్కి రానివ్వలేదు. కనుక ఆ ఆజ్ఞను యుద్ధ వేడిలో నోరు జారిన మాటగా చదవడానికి వీల్లేదు. తరువాత 'తుపాకి లేకున్నా' అన్న మాట దగ్గర ఆగండి. ఆయుధం లేనివాడిని చంపమన్నప్పుడు శత్రువు సైన్యం కాదు, జనమే శత్రువు.

ఈ ఆజ్ఞను వెనకేసుకొచ్చేవారు ఒక అనుబంధాన్ని చూపిస్తారు. సైనికులకు మాత్రమే ఇచ్చిన ఆ వివరణలో, స్త్రీలు, పిల్లల మీద కాల్పులంటే వాళ్ల తలల మీదుగా కాల్చి పరుగెత్తించడమే అని ట్రోతా చెప్పాడు. నిజమే, ఆ వాక్యం ఉంది. అయితే పటం తెరిచి చూడండి: వాళ్లు ఎటు పరుగెత్తాలి? వెనక తుపాకులు, ముందు నీరు లేని ఎడారి. నీటి కోసం వట్టి చేతులతో ఎడారిలో లోతైన గోతులు తవ్వి, వాటి చుట్టూనే ప్రాణాలు విడిచినవారిని తరువాత వెళ్లిన గస్తీ దళాలు చూశాయి. జర్మన్ సైనిక ప్రధాన కార్యాలయం ప్రచురించిన అధికారిక యుద్ధ చరిత్రే, జర్మన్ ఆయుధాలు మొదలుపెట్టిన నిర్మూలనను నీరులేని ఒమహెకె పూర్తి చేయాల్సి ఉందని గర్వంగా రాసుకుంది. అప్పటికి తామూ పోరుకు దిగిన నామాలను మరుసటి ఏడు ఏప్రిల్‌లో లొంగిపొమ్మంటూ ఇచ్చిన ప్రకటనలో ట్రోతా హెరెరోలకు పట్టిన గతినే బెదిరింపుగా వాడుకున్నాడు.

బెర్లిన్ ఆ ఆజ్ఞను 1904 డిసెంబరులో రద్దు చేసింది. చాలామంది కథను ఇక్కడ ముగిస్తారు. మీరు ముగించకండి, ఎందుకంటే బతికి బయటపడినవారు నిర్బంధ శిబిరాలకు వెళ్లింది ఆ తరువాతే. మిషనరీల మాట నమ్మి ఎడారి నుంచి తిరిగి వచ్చినవాళ్లను విండ్‌హుక్, స్వాకోప్‌మండ్, ఆ వర్తకుడి పేరే పెట్టిన ల్యూడెరిట్జ్ పట్టణం దగ్గరి షార్క్ ఐలాండ్ వంటి చోట్ల కంచెలు వేసి పెట్టి, రైలు మార్గాలకు, రేవు పనులకు కూలీలుగా వాడారు. అట్లాంటిక్ చలిగాలి ఎప్పుడూ కోసే ఆ రాతి దీవి మీద, ఒంటి మీద గోనెసంచి తప్ప మరొకటి లేకుండా, వేలమంది చనిపోయారు. నామా నాయకుడు కొర్నేలియస్ ఫ్రెడెరిక్స్ 1907లో పోయింది అక్కడే.

అంకెలను ఎలా పట్టుకోవాలి

ఈ విషయంలో తరచు కనిపించే అంకెలు: సుమారు 80,000 మంది హెరెరోలలో 65,000 మంది, సుమారు 20,000 మంది నామాలలో కనీసం 10,000 మంది చనిపోయారు. ఇవి అంచనాలు. యుద్ధానికి ముందు జనగణన లేదు గనుక మొదటి సంఖ్య మీద చరిత్రకారుల మధ్య తేడాలున్నాయి. దీన్ని దాచిపెట్టకుండా 'అంచనా' అన్న మాట వాడండి. వాడితే మీ వాదం బలహీనపడదు. ఆ తేడాను పట్టుకొని అసలు జాతి నిర్మూలనే జరగలేదనే వారికి చూపించడానికి లెక్కలు వేరే ఉన్నాయి. 1904 అక్టోబరు నుంచి 1907 మార్చి దాకా శిబిరాలలో ఉంచిన సుమారు 15,000 మంది హెరెరోలు, 2,000 మంది నామాలలో 7,682 మంది చనిపోయారని జర్మన్ సైన్యమే లెక్క రాసింది. అంటే ఖైదీలలో నూటికి 45 మంది. ఇది బాధితులు చెప్పిన లెక్క కాదు, కాపలా కాసినవాళ్లు రాసుకున్న లెక్క.

అంకె చెప్పిన వెంటనే ఒక మనిషి పేరో, ఒక చోటి పేరో చెప్పండి. వట్టి సంఖ్య ఎంత పెద్దదైతే అంత తొందరగా చెవి దాటిపోతుంది.

తెలుగులో ఏ మాట వాడాలి

ఇది మన చేతిలో ఉన్న పని, అందుకే దీని మీద కొంచెం సేపు నిలుస్తాను. జర్మన్ పుస్తకాలు చాలాకాలం దీన్ని 'హెరెరో తిరుగుబాటు' అన్నాయి. తిరుగుబాటు అనాలంటే ముందు అక్కడ న్యాయమైన ప్రభుత్వం ఒకటి ఉండాలి. మన దగ్గర రంప కొండల్లో గిరిజనులు చేసిన పోరాటాలకు తెల్లదొరల కాగితాల్లో ఉన్న 'పితూరీ' అన్న మాటే ఈనాటికీ మన నోట నానుతోంది. పితూరీ అంటే ఫిర్యాదు, కుట్ర, అలజడి, ఏదైనా సరే పాలకుడి వైపు నుంచి చూసిన మాటే. అదే చూపుతో నమీబియా గురించి రాయకూడదంటే 1904 నాటి సంఘటనకు 'ప్రతిఘటన', 'పోరు' అన్నవి మేలు. ఆ తరువాత జర్మనీ చేసినదానికి 'జాతి నిర్మూలన' అనండి. 'ఊచకోత' అన్నది హోర్న్‌క్రాంజ్ వంటి ఒక్కొక్క ఘటనకు సరిపోతుంది గానీ, జనాన్ని మొత్తంగా తుడిచివేయాలన్న తలంపును చెప్పదు.

'హోటెంటోట్' అన్న మాట పాత జర్మన్ కాగితాల్లో నామాలను ఉద్దేశించి కనిపిస్తుంది. అది వాళ్ల భాషను వెక్కిరిస్తూ పుట్టిన మాట. ఉల్లేఖించక తప్పని చోట తప్ప రాయకండి. హెరెరోలు తమను తాము ఓవాహెరెరో అనుకుంటారు. ఇక జర్మన్ వలస సైన్యం పేరు శుట్జ్‌ట్రుప్పె. దాన్ని 'రక్షణ దళం' అని తెలుగు చేస్తే అబద్ధం రెండో భాషలోకి వచ్చి కూర్చుంటుంది. 'వలస సైన్యం' అని రాసి, వాళ్లు తమకు తాము రక్షకులని పేరు పెట్టుకున్నారని పక్కనే చెప్పండి.

బెర్లిన్‌లో ఉంటే ఒక పూట నడవండి

బెర్లిన్‌లో ఉన్నవారు నోయికోల్న్‌లో కొలుంబియాడామ్ రోడ్డు మీద ఉన్న పాత సైనిక శ్మశానానికి వెళ్లండి. ప్రహరీ దగ్గర ఒక పెద్ద గ్రానైట్ బండ కనిపిస్తుంది. నైరుతి ఆఫ్రికా (నమీబియాకు జర్మన్ల కాలపు పేరు) యుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్లి 'వీరమరణం' పొందిన ఏడుగురు జర్మన్ సైనికుల కోసం 1907లో దాన్ని పెట్టారు. ఏడుగురికీ పేర్లున్నాయి. ఆ బండ పాదం దగ్గర, నమీబియా పటం ఆకారంలో చెక్కిన నల్లరాయి పలకను 2009లో నేలకు పరిచినట్టు అమర్చారు. జర్మన్ వలస పాలనలో, ముఖ్యంగా 1904 నుంచి 1907 దాకా సాగిన వలస యుద్ధంలో బలైనవారి స్మృతికి అని దాని మీద ఉంటుంది. అందులో ఒక్క హెరెరో పేరు లేదు, ఒక్క నామా పేరు లేదు, జాతి నిర్మూలన అన్న మాట లేదు. ఒకటి నిలబడి ఉంటుంది, ఇంకొకటి చదవాలంటే తల వంచాలి, ఆకులు రాలే కాలంలో చేత్తో తుడవాలి. పది నిమిషాలు అక్కడ నిలబడి రెంటినీ పూర్తిగా చదివితే, ఒక దేశం తన చనిపోయినవారిని, తాను చంపినవారిని ఎలా వేరువేరుగా తలుచుకుంటుందో ఏ పుస్తకమూ చెప్పలేనంత స్పష్టంగా తెలుస్తుంది.

అక్కడి నుంచి వెడ్డింగ్‌లోని ఆఫ్రికన్ క్వార్టర్‌కు వెళ్లండి. భౌగోళిక మైలుతో నేల కాజేసిన ల్యూడెరిట్జ్ పేరు మీద ఉన్న వీధి 2022 డిసెంబరులో కొర్నేలియస్ ఫ్రెడెరిక్స్ వీధి అయింది. అదే రోజు నాఖ్‌టిగాల్ చౌకు మాంగా బెల్ పేరు వచ్చింది. 1914 ఆగస్టు 8న కామెరూన్‌లో జర్మన్లు ఉరితీసిన డ్వాలా రాజు రుడాల్ఫ్ డ్వాలా మాంగా బెల్ ఆయన. పీటర్స్ అలీ (జర్మన్‌లో అలీ అంటే చెట్ల బాట) కథ మరీ గమనించదగినది. తూర్పు ఆఫ్రికాలో క్రూరత్వానికి మారుపేరైన కార్ల్ పీటర్స్ గౌరవార్థం నాజీ పాలనలో 1939లో ఆ వీధికి పేరు పెట్టారు. విమర్శలు వచ్చేసరికి 1986లో, పేరు మార్చకుండానే, ఇకమీదట ఇది హాన్స్ పీటర్స్ అనే వేరొక పెద్దమనిషి పేరు అన్నారు. బోర్డు అలాగే ఉంది, అర్థం మాత్రం మార్చారట. వీధి నిజంగా పేరు మార్చుకున్నది 2024 ఆగస్టులో. సగం అన్నా ముంగుండా అలీ, సగం మాజీ మాజీ అలీ. మాజీ మాజీ అన్నది తూర్పు ఆఫ్రికాలో జర్మన్ పాలన మీద జనం చేసిన పోరు పేరు. అన్నా ముంగుండా 1959 డిసెంబరు 10న విండ్‌హుక్‌లో, తమ ఇళ్ల నుంచి బలవంతపు తరలింపును ఎదిరించిన జనం మధ్య ప్రాణం కోల్పోయిన హెరెరో స్త్రీ.

బోర్డు మారిన తేదీతో పాటు, ఆ మార్పును ఎవరు, ఎంతకాలం అడిగారో కూడా తెలుసుకోండి. బెర్లిన్‌లోని నల్లజాతి సంఘాలు దశాబ్దాలు అడిగాయి, అక్కడ నివసించేవారు కొందరు వ్యాజ్యాలు వేశారు. నగరపాలక సంస్థ దయతలచి చేసినట్టు రాస్తే సగం నిజం పోతుంది.

ఎముకల దగ్గర, వస్తువుల దగ్గర

శిబిరాలలో చనిపోయినవారి తలలు జాతి పరిశోధన పేరుతో బెర్లిన్‌కు చేరాయి. పంపే ముందు వాటి మీది మాంసాన్ని గాజుపెంకులతో గీకి శుభ్రం చేసే పనిని ఖైదీలుగా ఉన్న హెరెరో స్త్రీల చేతనే చేయించారు. ఆ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ పుర్రెలలో 20ని బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి 2011లో నమీబియా ప్రతినిధులకు అప్పగించింది. 2014లో, 2018లో మరికొన్ని వెళ్లాయి. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన సుమారు 1,100 పుర్రెల మీద ప్రష్యన్ సాంస్కృతిక వారసత్వ సంస్థ పరిశోధన చేయించి, వాటిలో కొన్నిటి బంధువులు ఈనాడు టాంజానియాలో బతికి ఉన్నారని డీఎన్‌ఏ ద్వారా 2023లో గుర్తించింది. కిలిమంజారో దిగువన మోషిలో 1900 మార్చి 2న ఉరితీసిన చగ్గా నాయకుడు మంగీ మేలి తల కోసం ఆయన వంశస్థులు దశాబ్దాలుగా వెతుకుతూనే ఉన్నారు.

ఇందులో మీరు పాటించవలసిన మర్యాద ఒకటుంది. సైనికులు పుర్రెలను పెట్టెలో సర్దుతున్న ఫొటో ఒకటి తేలికగా దొరుకుతుంది. ఆ రోజుల్లో దాన్ని పోస్టు కార్డుగా అచ్చువేసి అమ్మారు. దాన్ని పంచుకోకండి. మన ఇంట్లో పెద్దవాళ్ల అస్థికలను అలా చూపిస్తే మనం ఒప్పుకోం. అది లేకుండానే విషయం చెప్పవచ్చు.

మ్యూజియంలో వస్తువు కింద రాసిన పట్టీని చదివేటప్పుడు క్రియాపదం మీద కన్ను వేయండి. 'సేకరించబడింది', 'లభించింది', 'సంగ్రహంలో చేరింది' అన్న మాటల్లో కర్త ఉండడు. ఎవరు, ఎవరి దగ్గర నుంచి, ఏ రోజు తీసుకున్నారు అన్న మూడు వివరాలూ లేకుంటే, మ్యూజియం వారికి మర్యాదగా ఉత్తరం రాసి అడగండి. చాలా సంస్థల్లో ఇప్పుడు వస్తువుల పూర్వచరిత్రను పరిశోధించే ఉద్యోగులున్నారు, జవాబు వస్తుంది. హోర్న్‌క్రాంజ్ దాడిలో కొల్లగొట్టిన హెండ్రిక్ విట్‌బోయి బైబిలు, కొరడా అలాగే ష్టుట్‌గార్ట్ మ్యూజియంలో చాలాకాలం ఉండి, 2019 ఫిబ్రవరిలో నమీబియాలోని గిబియోన్‌కు తిరిగి వెళ్లాయి. ఆ అప్పగింత సందర్భంలోనే, వాటిని నమీబియా ప్రభుత్వానికి కాదు, నామా ప్రజలకే ఇవ్వాలని నామా సంప్రదాయ నాయకుల సంఘం జర్మనీలో కోర్టుకెక్కింది, ఓడిపోయింది. తిరిగి ఇచ్చారు అన్నదానితో ఆగకుండా ఎవరి చేతికి ఇచ్చారు అని అడగడం ఇందుకే అవసరం.

2021 ప్రకటనను చదవడం

2004 ఆగస్టులో జర్మన్ మంత్రి హైడెమారీ వీచొరెక్ సొయిల్ ఒకాకరారాలో, నూరేళ్ల నాటి పోరు జరిగిన చోటికి దగ్గరలో, క్షమాపణ అడిగారు. రెండు ప్రభుత్వాల మధ్య సంప్రదింపులు 2015లో మొదలయ్యాయి. 2021 మే 28న విదేశాంగ మంత్రి హైకో మాస్ ఫలితాన్ని ప్రకటించారు: 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు, అందులో 105 కోట్లు అభివృద్ధి పనులకు, 5 కోట్లు సయోధ్య కార్యక్రమాలకు.

ముందుగా చూడవలసినది 'నేటి దృష్టితో చూస్తే జాతి నిర్మూలన అనదగిన సంఘటనలు' అన్న పదబంధం. జాతి నిర్మూలనను నేరంగా గుర్తించిన ఐక్యరాజ్య సమితి ఒడంబడిక 1948 నాటిది. అది వెనక్కి వర్తించదన్నది జర్మనీ వాదం. 'నేటి దృష్టితో' అన్న రెండు మాటలు ఆ వాదాన్ని కాపాడడానికి పెట్టినవి. తప్పును ఒప్పుకుంటూనే చట్టపరమైన బాధ్యతకు తలుపు వేసే మాటలవి. అదే కారణంగా ఆ పత్రంలో 'నష్టపరిహారం' అన్న పదం ఉండదు. అభివృద్ధి సహాయం అని ఉంటుంది. సహాయం ఇచ్చేవాడు దాత, పరిహారం ఇచ్చేవాడు బాకీదారు. మన భాషలోనూ ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

రెండోది, ఆ బల్ల దగ్గర ఎవరు లేరు అన్నది. ఓవాహెరెరో సంప్రదాయ అధికార పీఠం, నామా సంప్రదాయ నాయకుల సంఘం తమను నేరుగా పిలవకుండా జరిగిన ఈ ఒప్పందాన్ని తిరస్కరించాయి. అవే సంస్థలు 2017లో న్యూయార్క్ కోర్టులో జర్మనీ మీద దావా వేయగా, విదేశీ ప్రభుత్వాలకున్న రక్షణ కారణంగా అది 2019లో కొట్టివేయబడింది. మరొక చిక్కు: కొందరు హెరెరోలు ఎడారి దాటి బోట్స్వానా చేరారు, అక్కడా దక్షిణాఫ్రికాలోనూ వారి వారసులున్నారు, నమీబియా ప్రభుత్వంతో చేసిన ఒప్పందం వారిని తాకదు.

ఆపైన సొమ్మును నేలతో పోల్చి చూడండి. 110 కోట్లను 30 ఏళ్లకు పంచితే ఏడాదికి నాలుగు కోట్ల యూరోలకు లోపే. ఇటుపక్క, యుద్ధకాలంలో హెరెరో, నామాల భూమిని, పశువులను ప్రభుత్వ ఉత్తర్వులతో జప్తు చేశారు, భూమి కొనడం, పశువులు పెంచుకోవడం నిషేధించారు, మెడలో ఇత్తడి బిళ్ల వేసుకొని తిరగమన్నారు. ఆ భూమి జర్మన్ వలసదారులకు, తరువాత దక్షిణాఫ్రికా పాలనలో బోయర్లకు దక్కింది. ఈనాటికీ నమీబియాలో పట్టా ఉన్న వ్యవసాయ భూమిలో సుమారు 70 శాతం తెల్లజాతివారి చేతుల్లోనే ఉంది. హెరెరో కుటుంబం ఒకటి తన తాతల సమాధి దగ్గరికి వెళ్లాలంటే, కంచె గేటు దగ్గర నిలబడి ఫారం యజమానిని అనుమతి అడగవలసిన పరిస్థితి ఉంది. ప్రకటనలోని ప్రతి వాక్యాన్ని ఆ గేటు దగ్గర నిలబడినవారి వైపు నుంచి చదవండి.

మాటల్లో ఎదురయ్యే వాదనలు

'అందరు వలసపాలకులూ అదే చేశారు కదా' అన్నది తరచు వినిపిస్తుంది. దానికి జవాబు చిన్నదే: అందరి లెక్కా అడగాలి, ఇప్పుడు అడుగుతున్నది ఇది. 'రైళ్లు వేశారు' అంటే, ఆ పట్టాలు వేసినవాళ్లలో శిబిరాల ఖైదీలున్నారని చెప్పండి. యూదుల మారణహోమంతో పోలిక వచ్చినప్పుడు మాత్రం తొందరపడకండి. 1908లో నమీబియాలోని రెహోబోత్‌లో మిశ్రమ సంతతి కుటుంబాలను కొలతలు తీసిన జర్మన్ మానవ శాస్త్రవేత్త యూజెన్ ఫిషర్ 1933లో, నాజీల కింద, బెర్లిన్ విశ్వవిద్యాలయానికి అధిపతి అయ్యాడు. ఇటువంటి లంకెలు నిజం. అయితే ఒకటి రెండోదానికి నేరుగా దారితీసిందా అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్న ప్రశ్న. హెరెరోల మరణాలు తరువాత రాబోయేదానికి ముందుమాటగా మాత్రమే లెక్కకు రాకూడదు.

హెరెరో, నామా మిత్రులెవరైనా పరిచయమైతే, వారి ఇంటి విషాదాన్ని మీ చదువు కోసం చెప్పమని అడగకండి. వారు చెబితే వినండి.

నమీబియా వెళ్లేవారికి

పర్యటనకు వెళ్లే మనవాళ్లు ఈ మధ్య పెరుగుతున్నారు. విండ్‌హుక్‌లో జర్మన్ గుర్రపు రౌతు విగ్రహాన్ని 2013 డిసెంబరులో పీఠం నుంచి దించి పాత కోట ప్రాంగణంలో పెట్టారు; హోర్న్‌క్రాంజ్ దాడి చేసిన ఫ్రాంస్వా విగ్రహాన్ని 2022 నవంబరులో తీసేశారు. కనుక పాత గైడు పుస్తకాలను నమ్మకండి. ఆగస్టు చివరలో వెళ్తే ఒకహాంజాలో ఎర్రజెండా దినం చూడవచ్చు. 1923లో సామ్యూల్ మహరెరో పార్థివదేహాన్ని తెచ్చి అక్కడ ఖననం చేసిన రోజును తలుచుకుంటూ, పశువు కొమ్ముల్లా వెడల్పుగా చుట్టిన తలపాగాలతో స్త్రీలు, సైనిక దుస్తులతో పురుషులు సమాధుల దాకా నడుస్తారు. అది ప్రదర్శన కాదు, సంస్మరణ. ఫొటోకు ముందు అనుమతి అడగండి. నమీబియా 2025 నుంచి మే 28ని జాతి నిర్మూలన సంస్మరణ దినంగా పాటిస్తోంది. శిబిరాలు మూయమని 1907లో ఉత్తర్వు వచ్చిన రోజు అది.

షార్క్ ఐలాండ్ ఇప్పుడు ప్రధాన భూమితో కలిసిపోయింది, దాని మీద పర్యాటకుల కోసం గుడారాలు వేసుకొనే స్థలం నడుపుతున్నారు. దయచేసి అక్కడ రాత్రి బస చేయకండి. ల్యూడెరిట్జ్ ఊళ్లో ఉండి, పగటిపూట వెళ్లి, కొర్నేలియస్ ఫ్రెడెరిక్స్ స్మారక శిల దగ్గర కాసేపు నిలబడి రండి.

స్వాకోప్‌మండ్‌లో జర్మన్ బేకరీలు, రంగురంగుల పాత ఇళ్లు చూసిన తరువాత ఊరి చివరనున్న శ్మశానానికి వెళ్లండి. ముందు భాగంలో పచ్చిక, పాలరాతి శిలువలు, పేర్లు, తేదీలు ఉంటాయి. వాటిని దాటి వెనక్కి నడిస్తే పచ్చిక ఆగిపోయి ఇసుక మొదలవుతుంది. ఆ ఇసుకలో వరుసలు వరుసలుగా, మోకాలి ఎత్తుకు కూడా రాని దిబ్బలు, కొన్నిటి చుట్టూ ఎవరో పేర్చిన గులకరాళ్లు కనిపిస్తాయి. వాటి మీద పేర్లు లేవు. గాలికి కొన్ని దిబ్బలు దాదాపు చదునైపోయాయి గనుక కిందికి చూసుకుంటూ, వాటి మధ్య ఉన్న ఖాళీలో మాత్రమే అడుగు వేయండి.